పాపికొండల చుట్టూ మూడు రోజులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  నాది 1979 పదో తరగతి. స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్ల పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. నాకు ఉపన్యాసాల అలవాటు లేదు. "మీ బ్యాచ్‌వాళ్లు నలుగురు కారేసుకుని పాపికొండలు వెళ్లొచ్చారట కదా, దాని గురించి చెప్పండి, ఫొటోలు కూడా చూపించండి" అన్నారు కార్యదర్శి గారు. ఫొటోలు భోజనాల దగ్గర చూపిస్తాను. ఫొటోల్లో పడనిదేదో అది ఇక్కడ చెబుతాను.

పాపికొండలు అంటే మనకు లాంచీయే గుర్తొస్తుంది. 'అందాల రాముడు' చూసిన తరం మనది. మన పిల్లలకైతే శేఖర్ కమ్ముల గారి 'గోదావరి'. లాంచీ ఎక్కడం, పులిహోర తినడం, పాటలు పెట్టుకోవడం, కొండలు దగ్గరకొచ్చినప్పుడు అందరూ ఒకే పక్కకు పరిగెత్తితే సరంగు కేకలెయ్యడం. నేనూ పెళ్లయిన కొత్తలో అలాగే వెళ్లాను. ఈసారి రోడ్డు మీద వెళ్లడానికి కారణం మాలో ఒకడి భార్య. "పడవ మాటెత్తితే ఊరుకోను" అంది ఆవిడ. ఆవిడ భయానికి అర్థముంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. ఆ బోటులో మన విశాఖవాళ్లూ ఉన్నారు. కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం ఐదు వారాలు దాటాక ఆ బోటును నది అడుగు నుంచి లాగి ఒడ్డుకు చేర్చింది. వరద గోదారిలో వాళ్లు చేసిన ఆ పని సంగతి ఎప్పుడైనా ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలకు చెప్పండి. తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, లైఫ్ జాకెట్టు లేకుండా ఎక్కనివ్వడం లేదు. అయినా ఆవిడ ఒప్పుకోలేదు.

రోడ్డు మీద వెళ్లాలనుకుంటే ముందొక సంగతి తెలుసుకోవాలి. అసలు ఆ ఇరుకు లోయలో రోడ్డు లేదు. కొండలు నేరుగా నీళ్లలోకి దిగిపోతాయి, గట్టు అనేది ఉంటే కదా రోడ్డు వెయ్యడానికి! అందుకని రోడ్డు కొండల వెనక నుంచి పెద్ద చుట్టు తిరిగి లోయ పైచివరకు చేరుతుంది. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, పోచవరం. నదిలో సగం రోజు ప్రయాణానికి రోడ్డు మీద మాకు రెండు రోజులు పట్టింది. నా మట్టుకు నాకు ఈ చుట్టు తిరుగుడే మంచిదనిపించింది. లాంచీలో వెళ్తే కొండలు కనిపిస్తాయి, రోడ్డు మీద వెళ్తే ఊళ్లు కనిపిస్తాయి.

సంక్రాంతి వెళ్లిన వారానికి తెల్లవారుజామున గాజువాకలో బయల్దేరాం. అనకాపల్లి, తుని, అన్నవరం, జగ్గంపేట. అంతా మీకు తెలిసిన పదహారో నంబరు రోడ్డే. తుని దాటాక ఒకచోట టీకి ఆగినప్పుడు మా నలుగురిలో సివిల్ ఇంజనీరు ఒకడు పొలాల అవతల ఎత్తయిన మట్టిగట్టు చూపించి "అదేంటో తెలుసా?" అన్నాడు. పోలవరం ఎడమ కాలువ. పొడవు 181 కిలోమీటర్లు, అనకాపల్లి వైపు వస్తుంది. సాగునీటితో పాటు విశాఖ నగరానికి, స్టీల్‌ప్లాంటుకు, చుట్టుపక్కల పరిశ్రమలకు 23.44 టీఎంసీల నీళ్లు ఇవ్వాలన్నది ప్రాజెక్టు లెక్కల్లో రాసి ఉన్న మాట. ఇప్పటికే ఏలేరు కాలువ మీద బతుకుతున్నాం మనం. ఏలేరు రిజర్వాయరులోకి గోదావరి నీళ్లు ఎత్తిపోయడానికే 2017లో పురుషోత్తపట్నం పథకం మొదలుపెట్టారు. అంటే మేము చూడబోతున్న నదీ, మన కణితి రిజర్వాయరూ, మన ఇంట్లో కుళాయీ ఒకే వరసలో ఉన్నాయన్నమాట. ముప్పై ఏళ్లు ప్లాంటులో పనిచేసినవాణ్ణి, నీళ్లు లేకపోతే బ్లాస్ట్ ఫర్నేసు ఒక్క పూట నడవదని తెలిసినవాణ్ణి. ఆ గట్టు చూశాక తర్వాతి ప్రయాణమంతా ఈ లెక్క నా వెనకే వచ్చింది.

జగ్గంపేటలో కుడికి తిరిగి గోకవరం మీదుగా దేవీపట్నం మండలంలోకి వెళ్లాం. మండలం పేరు మిగిలింది గానీ దేవీపట్నం ఊరు నీళ్ల పాలైంది. 2021 జూన్‌లో పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ అడ్డుకట్టతో నదిని స్పిల్‌వే మీదికి మళ్లించారు. ప్రధాన డ్యామ్ పూర్తి కాకుండానే వెనక నీళ్లు పెరిగాయి. ఒడ్డునున్న ఊళ్లు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఆ జనాన్ని తెచ్చి ఇందుకూరు, గోకవరం చుట్టుపక్కల కాలనీలు కట్టి పెట్టారు.

ఇందుకూరు వైపు ఒక కాలనీలో మేము గంటసేపు ఆగాం. నిజానికి మంచినీళ్ల సీసాల కోసం ఆగాం. వరసగా ఒకే రకం శ్లాబు ఇళ్లు, సిమెంటు రోడ్డు, కరెంటు, మెట్ట మీద నీళ్ల ట్యాంకు. ఇళ్లు బాగానే ఉన్నాయి, అది కూడా చెప్పాలి. ఒక ఇంటి గోడకు వల వేలాడుతోంది. చేపలు పట్టే వల. గోదారి అక్కడికి చాలా దూరం. "ఇంకా దాచారేంటి తాతా?" అని అడిగాడు మావాడు. "అమ్మితే ఎవడు కొంటాడు బాబూ, ఇక్కడందరి ఇంట్లోనూ ఉంది" అన్నాడు ఆ పెద్దాయన. ఆయన భార్య టీ పెట్టి ఇచ్చింది. మాటల్లో ఆవిడ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. నది ఒడ్డున ఉన్నప్పుడు కూరకు డబ్బులు పెట్టింది లేదట. ఎండాకాలం నీళ్లు తగ్గగానే ఇసక లంకల్లో గింజలు నాటితే దోస, ఆనప వచ్చేవి. పుల్లలు వరదే తెచ్చి పడేసేది. చింతపండు, చీపుర్లు కొండ ఇచ్చేది. "ఇక్కడ ఉప్పు కాణ్ణించి కర్ర దాకా కొనాల" అంది. డబ్బు రాలేదా అంటే వచ్చింది అంది. ఎంత అని మేము అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అక్కడి నుంచి గొందూరు గండి పోచమ్మ తల్లి గుడికి. వానాకాలంలో అమ్మవారి గుడి నీళ్లలో ఉంటుంది, వరద తీశాక కడిగి మళ్లీ పూజలు మొదలుపెడతారు. మేము వెళ్లినప్పుడు జనం బాగా ఉన్నారు. కోళ్లు, మొక్కుబళ్లు, పక్కనే టూరిస్టు లాంచీలు. గుడి మెట్ల దగ్గర నుంచుని చూస్తే ఎదురుగా విశాలమైన నీళ్లు. నది అనాలో చెరువు అనాలో తెలియని నీళ్లు, పారుతున్నట్టే అనిపించదు. ఆ నీళ్ల కింద ఊళ్లున్నాయి. తొయ్యేరు ఎటు, దేవీపట్నం ఎటు అని అడిగితే కొబ్బరికాయల కొట్టతను చేత్తో చూపించాడు. కొన్ని చెట్ల తలలు ఎండిపోయి పైకి కనిపిస్తున్నాయి. లాంచీల మైకుల్లో పాటలు వస్తూనే ఉన్నాయి. వాళ్లదేం తప్పు, అది వాళ్ల బతుకుతెరువు.

రాత్రి మారేడుమిల్లి. ఇది మీలో చాలామంది చూసిందే కనుక తొందరగా దాటేస్తాను. బొంగులో చికెన్, సోకులేరు వాగు, జలతరంగిణి, చలి. అడవి అందం చెప్పక్కర్లేదు. ఒక్క మాట, ఆదివారం వెళ్లకండి. వెళ్లినా ప్లాస్టిక్ పళ్లేలు వాగులో పారెయ్యకండి. అక్కడ దొరికే తేనె, చింతపండు గిరిజన సహకార సంస్థ సీసాల్లో, ప్యాకెట్లలో మనకూ దొరుకుతాయి. 1956లో పుట్టిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది మన విశాఖలోనే. మారేడుమిల్లి నుంచి చింతూరు దాకా ఘాట్ రోడ్డు. మలుపులు ఒకదాని వెంట ఒకటి, పగలే దాటాలి. చీకటి పడ్డాక సాహసాలు వద్దు.

చింతూరు నుంచి కూనవరం వెళ్లే దారిలో దేశం మారిపోయినట్టు ఉంటుంది. కొండలు దూరంగా జరిగి, నల్లరేగడి నేలలు, మిర్చి, పొగాకు. పక్కనే శబరి నది. ఒడిశాలో పుట్టి, సీలేరును కలుపుకుని వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మేము సంగమం ఒడ్డున చాలాసేపు కూర్చున్నాం. మనకు జాగ్రఫీ చెప్పిన మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు. గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు, పుట్టింది త్రయంబకం, ఉపనదులు మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అని ఆయన నిలబెట్టి చెప్పించిన పాఠం అక్కడ మా నలుగురికీ ఒక్క తప్పు లేకుండా వచ్చేసింది మాస్టారూ. ఆయన చెప్పనిది ఒకటి అక్కడివాళ్లు చెప్పారు. వరదొచ్చినప్పుడు గోదావరి ఉధృతికి శబరి ముందుకు పోలేక వెనక్కి తంతుందట. 'ఎగదన్నడం' అంటారు. గోదారి ఒడ్డున లేని చింతూరు కూడా మునగడానికి కారణం అదే.

ఈ ఊళ్ల అడ్రసు చరిత్ర వింటే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లా. అప్పుడు ఖమ్మంలో కలిపారు. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు, పోలవరం ముంపు మండలాలు రెండు రాష్ట్రాల్లో ఉండకూడదని కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం వగైరా మండలాలను ఆంధ్రలోకి తెచ్చారు. మళ్లీ తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పడ్డారు. కూనవరంలో మెస్ నడిపే అతను "మేం కదల్లేదు సార్, జిల్లాలే మా మీంచి పోతున్నాయి" అన్నాడు. పాడేరు కలెక్టరాఫీసులో పని ఉంటే రోజంతా ప్రయాణమే అయ్యేది. భద్రాచలం మాత్రం పక్కనే, కానీ అది వేరే రాష్ట్రం.

ఇక వరద సంగతి. ఆ దారిలో చాలా ఇళ్ల గోడల మీద మనిషి ఎత్తుకు పైన మట్టిచార కనిపిస్తుంది. అది 2022 జులై వరద గుర్తు. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిందే అన్నిటికన్నా పెద్దది. అయితే 1986 వరద చూసినవాళ్లు కూడా 2022 వరదే ఎక్కువ బాధపెట్టిందని చెప్పారు. ఆగస్టులో రావాల్సింది జులైలో వచ్చిందని ఒకాయన, వచ్చింది తొందరగా పోలేదని ఇంకొకాయన. జనం పిల్లల్ని, మేకల్ని తీసుకుని కొండలెక్కి పరదాల కింద రోజులు గడిపారు. మేము మాట్లాడిన వాళ్లు చాలామంది దీన్ని కాఫర్ డ్యామ్‌కు ముడిపెట్టారు. ఇంజనీరు మిత్రుడు వర్షపాతం లెక్కలు చెప్పబోయాడు. ఆ గోడ పక్కన నిలబడి అవి చెప్పడం కష్టమని తనే ఆపేశాడు.

పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. ముందు 41.15 మీటర్ల వరకు ఉన్న ఊళ్లను తరలించి, మిగిలినవాళ్లను తర్వాత అని విడగొట్టారు. మొత్తం మీద లక్షకు పైగా కుటుంబాలు. ఈ '41.15', '45.72' అనే అంకెలు అక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. మన పిల్లలకు ఎంసెట్ ర్యాంకుల్లాగ. ఒకే వీధిలో ఇటు ఇల్లు మొదటి విడతలో, అటు ఇల్లు రెండో విడతలో. రెండో విడతలో ఉన్నవాడు ఇంటికి సున్నం వెయ్యాలా వద్దా అని ఏళ్ల తరబడి ఆలోచిస్తున్నాడు. పిల్లకు పెళ్లి సంబంధం వస్తే "మీ ఊరు ఎన్నాళ్లుంటుంది?" అని అడుగుతున్నారట. ముంపు కన్నా ఈ ఎదురుచూపే వాళ్లను ఎక్కువ తినేస్తోందని నాకు అనిపించింది.

మూడో రోజు పొద్దున్న వర రామచంద్రపురం దాటి, శ్రీరామగిరి గుట్ట మీది రాముణ్ణి చూసుకుని పోచవరం వెళ్లాం. రోడ్డు అక్కడితో సరి. అక్కడ మా పడవ వద్దన్న ఆవిడే "ఇంతదూరం వచ్చాక చూడకుండా ఎలా?" అని ముందుగా లైఫ్ జాకెట్టు తొడుక్కుంది. ఆయన ముఖం చూడాలి! పేరంటపల్లి దాకా వెళ్లి వచ్చాం.

లోయ గురించి ఏం చెప్పను? మైళ్ల వెడల్పున వచ్చే గోదావరి అక్కడ ఒక్కసారిగా ఒళ్లు ముడుచుకుని రెండు కొండల మధ్య దూరుతుంది. పాపిట తీసినట్టు ఉందని పాపిటకొండలు అన్నారని, అదే పాపికొండలైందని చెబుతారు. మన డాల్ఫిన్ నోస్, కైలాసగిరి, ఈ కొండలు అన్నీ తూర్పు కనుమల బిడ్డలే, అదే ఎర్రని ఖొండలైటు రాయి. కానీ ఇక్కడ కొండల మీద నేల కనిపించనంత అడవి. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. ఇంజను ఆపమని అడిగితే బోటతను రెండు నిమిషాలు ఆపాడు. ఎవరూ మాట్లాడలేదు.

ఈ కొండలు కొండరెడ్లవి. 1940ల మొదట్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఈ ఊళ్లలో తిరిగి, 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అడవిదున్నలు తిరిగే ఈ కొండలను 'బైసన్ హిల్స్' అన్నాడు. పోడు, జీలుగు కల్లు, పండగలు, వెదురు పనితో పాటు, కలప వ్యాపారుల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కుకున్నారో కూడా రాశాడు. పేరంటపల్లిలో బాలానంద స్వామి అనే ఆయన వచ్చి వాళ్ల మధ్యే ఆశ్రమం కట్టుకుని జీవితం గడిపారు. గుడి పక్కన ఆడవాళ్లు వెదురుతో పూలు, బొమ్మలు చేసి అమ్ముతున్నారు. నేనొకటి కొన్నాను. చేసినామెను మీ ఇల్లెక్కడ అని అడిగితే పైకి చూపించింది. మరి ముంపులో పోతుందా అంటే, "ఇల్లు పోదంట, దారి పోద్దంట" అంది. ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా అందలేదు. తిరుగు ప్రయాణంలో అర్థమైంది. నీళ్లు పెరిగితే ఇల్లు ఎత్తున మిగులుతుంది, కానీ సంతకు, ఆస్పత్రికి, బడికి వెళ్లే బాట మునుగుతుంది.

నేను ప్రాజెక్టు వద్దనేవాణ్ణి కాదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టకపోతే కోనసీమ పచ్చదనం లేదు. నీళ్లు లేకపోతే మన ఊరూ లేదు. కాకపోతే ఈ హాల్లో కూర్చున్న మనకు ఆ ఊళ్లవాళ్ల మాట మిగతావాళ్ల కన్నా బాగా అర్థం కావాలి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ గారు ప్లాంటుకు శంకుస్థాపన చేసినప్పుడు మనలో కొందరికి ఏడేళ్లు, ఎనిమిదేళ్లు. తర్వాత మన క్లాసుల్లోకి పెదగంట్యాడ నుంచి, అగనంపూడి నుంచి, వడ్లపూడి నుంచి కొత్త పిల్లలు వచ్చారు. హాజరు పట్టీలో వాళ్ల ఊరి పేరు స్థానంలో నిర్వాసిత కాలనీ పేరు ఉండేది. 'ఆర్ కార్డు' అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నా పక్క బెంచీ మిత్రుడు ఒకడు ఇప్పటికీ తన పాత ఊరి రావిచెట్టు ఎక్కడుండేదో ప్లాంటు లోపల ఏ షెడ్డు పక్కనో గుర్తుపట్టి చెబుతాడు. అతను ఈ ప్రయాణంలో మాతోనే ఉన్నాడు. ఇందుకూరు కాలనీలో ఆ వల చూసి అడిగినవాడు అతనే.

అందుకని సంఘానికి నాదొక అభ్యర్థన. స్వర్ణోత్సవ సంవత్సరంలో విహారయాత్ర అనుకుంటున్నారు కదా, ఊటీ వద్దు, ఇటే పెట్టండి. రెండు మినీ బస్సులు చాలు. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. జూన్ దాటితే వద్దు. మన బడిలో ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లల్ని ఒక పదిమందిని వెంట తీసుకెళ్దాం. ఖర్చు నా బ్యాచ్ పెట్టుకుంటుంది, ఇంటికెళ్లాక మావాళ్లతో తిట్లు తింటాను గానీ మాట ఇచ్చేస్తున్నాను. ఆ కాలనీల్లో ఒక పూట కూర్చుందాం. మునిగిన ఊళ్లలో ఏ వీధి ఎటుండేదో, రేవు ఎక్కడో, రచ్చబండ ఎక్కడో పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు కాగితం మీద బొమ్మ గీయాలి. ఒక్కో ఊరికి ఒక్కో పటం. చెప్పగలిగినవాళ్లు ఇప్పటికే డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. గీసిన పటం ఒకటి మన బడిలో, ఒకటి వాళ్ల కాలనీ బడిలో పెట్టాలి. పటం గీయడం ఎలాగో మన మాస్టారే పిల్లలకు నేర్పాలి. ఆయన తల ఊపుతున్నారు, అందరూ చూడండి.

పేర్లు ఇవ్వాల్సినవాళ్లు భోజనాల తర్వాత నా దగ్గరకు రండి. ఘాట్ రోడ్డులో కళ్లు తిరిగేవాళ్లు ముందే చెబితే ముందు సీట్లు ఇస్తాం. పడవంటే భయమున్నవాళ్లు పోచవరం ఒడ్డున ఆగవచ్చు, బలవంతం లేదు.